ఉక్కునగరపు గొంతు, పేరులేని చేయి

న్యూఢిల్లీ: రాజధానీ నగరంలో పురస్కార ప్రదానాలకు ఏనాడూ కొదవ లేదు. పద్మాలు, పతకాలు, ఫలకాలు, శాలువలు యథావిధిగా సాగిపోతుంటాయి. మరునాటి పత్రికలలో ఛాయాచిత్రాలు వెలువడతాయి. ఆ మరునాటికి అందరూ మరచిపోతారు. అయితే 2025 సెప్టెంబరు 23న విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రదానం చేసిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితాను తెలుగువారు అంత తేలికగా మరువరాదు. 2023వ సంవత్సరపు చిత్రాలకుగాను ఉత్తమ గాయకునిగా ‘బేబి’ చిత్రంలోని పాటకు పి.వి.ఎన్.ఎస్. రోహిత్, ఉత్తమ గీత రచయితగా ‘బలగం’ చిత్రంలోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ ఎంపికయ్యారు. ఇవి మనకు తెలిసిన తెలుగు విజయాలు. వాటి పక్కనే, హిందీ చిత్రం ‘జవాన్’లోని పాటకు ఉత్తమ గాయనిగా నిలిచిన శిల్పారావు పేరును మాత్రం చాలామంది హిందీ పద్దులో జమకట్టి ఊరుకున్నారు. నిజానికి ఆమెది తెలుగు కుటుంబం. పుట్టి పెరిగినది జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఉక్కునగరంలో.

ఒకే జాబితాలో గొంతులు రెండూ, పాట మాటా తెలుగింటివే కావడం సంతోషకరమే. ఆ సంతోషాన్ని తగ్గించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కాని ఆ జాబితాను మొదటినుంచి చివరివరకు శ్రద్ధగా చదివితే అందులో ఒక ఖాళీ కనిపిస్తుంది. పాట పాడినవారికి పతకం ఉంది. మాట రాసినవారికి ఉంది. బాణీ కట్టినవారికి ఉంది. నేపథ్య సంగీతానికి వేరుగా ఉంది. శబ్ద విన్యాసానికి సైతం ఉంది. కాని ఆ బాణీకి వాద్యాల దుస్తులు తొడిగి, ఏ గొంతు వెనుక ఏ వాయిద్యం ఎప్పుడు పలకాలో, ఎప్పుడు మౌనం వహించాలో నిర్ణయించిన మనిషికి అక్కడ వరుస లేదు. సినీ పరిశ్రమలో అతనిని అరేంజర్ అంటారు. లోకంలో అతనిని ఏమీ అనరు. ఎందుకంటే అతడున్న సంగతే లోకానికి తెలియదు.

విజయనగరం నుంచి జంషెడ్‌పూర్ దాకా

శిల్పారావు కథలో ముందుగా గమనించవలసినది ఆమె ఊరు. 1904లో భూగర్భ శాస్త్రజ్ఞుడు పి.ఎన్. బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండలలో మేలిరకపు ఇనుప ఖనిజం ఉన్నదని జంషెట్జీ టాటాకు లేఖ రాశారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం చేరువలో సాక్చి అనే పల్లెను ఆనుకొని కొలుములు లేచాయి. 1912లో తొలి ఉక్కు వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు బ్రిటిష్ సైన్యానికి అక్కరకు వచ్చినందుకు కృతజ్ఞతగా 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఈనాటి రాష్ట్రపతి జన్మస్థలం ఆ ఖనిజపు మయూర్‌భంజ్ జిల్లాయే కావడం, 2015 నుంచి 2021 వరకు ఆమె జార్ఖండ్ గవర్నరుగా పనిచేసి ఉండడం చరిత్ర చేసే చిన్న చిన్న చమత్కారాలలో ఒకటి. ఖనిజపు గడ్డ మీద పుట్టిన చేతినుంచి ఉక్కునగరపు గొంతుకు పతకం దక్కిందన్నమాట.

ఆ కొలుముల వద్దకు తెలుగువారు ఎలా చేరారన్నది ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. తూర్పు తీరం వెంట రైలుమార్గం పడగానే గంజాం, విశాఖ జిల్లాల నుంచి బీదా బిక్కీ బయలుదేరారు. కొందరు ఖరగ్‌పూర్‌లో రైల్వే కర్మాగారం దగ్గర దిగిపోయారు. మరికొందరు టాటానగర్ దాకా వెళ్ళారు. మొదటి తరం చేసినది చేతి చాకిరీ. తరువాతి తరాలు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు అయ్యారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వెలసింది. కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఏర్పడింది. శ్రీరామనవమికి పందిళ్ళు, సంక్రాంతికి ముగ్గులు, ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, పొరుగున బెంగాలీ, పనిస్థలంలో సంతాలీ, ఒడియా, భోజ్‌పురి. ఇన్ని భాషల నడుమ పెరిగిన పిల్లకు చెవి పదునెక్కడంలో ఆశ్చర్యమేముంది? తండ్రి వద్దనే తొలి సంగీత పాఠాలు, తరువాత ఉస్తాద్ గులాం ముస్తఫా ఖాన్ వద్ద శిక్షణ, 2004లో బొంబాయి ప్రయాణం, 2007లో ‘అన్వర్’ చిత్రంతో గుర్తింపు: ఇదీ శిల్పారావు ప్రస్థానపు క్లుప్త రేఖ.

ఈ సందర్భంలో మరొక సంగతి స్మరణీయం. జాతీయ స్థాయిలో ఉత్తమ నేపథ్య గాయని పురస్కారాన్ని 1968వ సంవత్సరపు చిత్రాలకు తొలిసారిగా ఇచ్చారు. దానిని అందుకున్నది విజయనగరానికి చెందిన పి. సుశీల. అదీ తెలుగు పాటకు కాదు, ‘ఉయర్న్ద మనిదన్’ అనే తమిళ చిత్రంలోని పాటకు. ఆనాడు విజయనగరపు గొంతు మద్రాసు చేరి తమిళంలో మెప్పించింది. ఈనాడు జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగింటి గొంతు బొంబాయి చేరి హిందీలో మెప్పించింది. పొట్టకూటికి ఊరు విడిచిన జాతికి గొంతు కూడా ప్రవాసం చేయడం తెలుసు.

గొంతుకు తోడు

గాయని ప్రతిభ గొంతులో ఉంటుంది. ఆ గొంతు ఏ వెలుగులో నిలబడాలన్నది మాత్రం మరొకరి నిర్ణయం. శిల్పారావు గొంతు తీగలా సాగే సన్నని గొంతు కాదు. కాస్త కింది స్థాయిలో, కొంచెం గరుకుగా, పొగచూరిన వెచ్చదనంతో పలికే గొంతు. అటువంటి గొంతును పెద్ద వాద్యబృందం మధ్య పడవేస్తే మునిగిపోతుంది. పూర్తిగా విడిచిపెడితే ఒంటరి అవుతుంది. కనుకనే ఆమె ప్రసిద్ధ గీతాలను వరుసగా పరిశీలిస్తే, ఆ గొంతు స్వభావం తెలిసిన సంగీతకారులు మళ్ళీ మళ్ళీ ఆమెనే పిలవడం కనిపిస్తుంది. విశాల్, శేఖర్ జంట 2008లో ‘బచ్‌నా ఏ హసీనో’కు పాడించి, 2019లో ‘వార్’కు పిలిచి, 2023లో ‘పఠాన్’కు మరల పిలిచారు. అనిరుధ్ రవిచందర్ 2023లోనే ‘జైలర్’ తమిళ చిత్రంలో ‘కావాలా’ అన్న తెలుగు మాటే శీర్షికగా గల పాట పాడించారు, అదే ఏడు ‘జవాన్’లో పురస్కారం తెచ్చిన హిందీ పాట, 2024లో ‘దేవర’లో రామజోగయ్య శాస్త్రి రచించిన ‘చుట్టమల్లే’. తెలుగింట పుట్టిన గాయనిని తెలుగునాట ప్రతి టీకొట్టుకూ చేర్చినది ఈ చివరి పాట. ఒక గొంతూ ఒక సంగీత మస్తిష్కమూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తే ఏమి సిద్ధిస్తుందో ఈ వరుస చెబుతున్నది.

ఈ సహవాసపు విలువను లోకంలో అందరికంటె ముందుగా గుర్తించి గౌరవించినది అమెరికా జాజ్ సంగీతం. జాజ్ పుట్టినది నల్లజాతివారి బాధల నుంచి, బానిసత్వపు జ్ఞాపకాల నుంచి. ఆ సంగీతానికి ఎల్లా ఫిట్జెరాల్డ్ మహారాణి. ఆమెకు నెల్సన్ రిడిల్ అనే అరేంజర్‌తో ఉన్న అనుబంధం ఈ విషయంలో చక్కని పాఠం. 1959లో వారిద్దరూ కలిసి జార్జి గెర్ష్విన్, ఐరా గెర్ష్విన్ సోదరుల పాటలు 53 రికార్డు చేశారు. అది అయిదు ఎల్.పి.ల సంపుటి. తరువాత 1964 దాకా మరికొన్ని సంపుటాలు వచ్చాయి. ఆ పిమ్మట కలయికలు అరుదైపోయాయి. 1982లో వారు మళ్ళీ కలిశారు. గాయనికి 65వ ఏడు. యౌవనపు గొంతులోని తేలికదనం పోయింది. పై స్థాయిలు కష్టమయ్యాయి. స్వరం నిలిపినచోట వణుకు ప్రవేశించింది. ‘ది బెస్ట్ ఈజ్ యెట్ టు కమ్’ అన్నది ఆ సంపుటి పేరు. మేలిమి ఇంకా ముందున్నదని దాని భావం. అరవై అయిదేళ్ళ గొంతుకు ఆ పేరు పెట్టడంలోనే ఒక ధైర్యం ఉంది.

పాత అరేంజర్‌నే ఎందుకు పిలవాలి? కొత్తవారు లేకనా? కాదు. నలభై దాటిన నాటి గొంతు ఎలా ఉండేదో తెలిసినవాడికే అరవై అయిదేళ్ళ గొంతు ఎక్కడ అలసిపోతుందో తెలుస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ వాద్యబృందం ఒక వాక్యం పలుకుతుంది. ఎక్కడ గొంతు బలంగా ఉందో అక్కడ వాద్యాలు తప్పుకుంటాయి. వృద్ధుడైన యజమాని మెట్లు దిగేటప్పుడు నమ్మిన బంటు చేయి పట్టుకోడు; పక్కన నడుస్తాడు. అరేంజర్ పని అదే.

ఈ సంపుటికి 1984 గ్రామీ ఉత్సవంలో ఉత్తమ జాజ్ గాయనిగా ఎల్లాకు బహుమతి లభించింది. గమనార్హమైన విషయమేమంటే, అదే ఉత్సవంలో నెల్సన్ రిడిల్‌కు కూడా, లిండా రాన్‌స్టాట్ అనే మరొక గాయని పాటకు చేసిన వాద్య రచనకుగాను, అరేంజర్‌గా విడిగా బహుమతి దక్కింది. గాయనికి వేరు, అరేంజర్‌కు వేరు. 1959లో గ్రామీలు ఆరంభమైన తొలి ఏటనే వాద్య రచనకు ప్రత్యేక బహుమతి ఏర్పాటయింది. 1985లో రిడిల్ మరణించేనాటికి అతని పేరు గాయకుల పేర్లతో సమానంగా జనానికి తెలుసు.

అయితే ఆ స్థాయి అతనికి వరంగా లభించలేదు. 1950లో నాట్ కింగ్ కోల్ పాడిన ‘మోనా లీసా’ పాటకు వాద్య రచన చేసినది రిడిలే. రికార్డు మీద మాత్రం లెస్ బాక్స్టర్ అనే మరొకరి పేరు అచ్చయింది. అసలు చేసినదెవరో కోల్‌కు తెలిసిన తరువాతనే రిడిల్‌కు పిలుపులు మొదలయ్యాయి. పేరు ఒక అలంకారం కాదు, రేపటి పని. పేరు లేనివాడికి రేపు లేదు.

మన ఇంటి చీకటి

ఇక మన సంగతి. బొంబాయి సినీ సంగీతపు స్వర్ణయుగమని మనం పొగిడే కాలంలో వాద్యబృందాలను నడిపినవారిలో గోవా క్రైస్తవ సంగీతజ్ఞులది పెద్ద పాత్ర. హోటళ్ళలో జాజ్ వాయించి, పగలు స్టూడియోలలో స్వరలిపి రాసినవారు వారే. శంకర్ జైకిషన్, ఓ.పి. నయ్యర్‌ల పాటలకు సెబాస్టియన్ డిసౌజా చేసిన వాద్య రచన వినని భారతీయుడు లేడు. అతని పేరు విన్నవారు ఎందరు? ఆంటొనీ గొన్సాల్వెస్ అనే వయొలిన్ గురువు పేరు మాత్రం 1977లో దేశమంతటా మారుమోగింది. కారణం, ఆయన శిష్యుడు ప్యారేలాల్, ‘అమర్ అక్బర్ ఆంటొనీ’ చిత్రంలో కథానాయకుని పేరుగా గురువు పేరును పెట్టించి ఋణం తీర్చుకున్నారు. ఒక అరేంజర్ పేరు జనంలోకి రావడానికి హాస్యపాత్ర రూపం దాల్చవలసి వచ్చింది!

గోవా గాయని లోర్నా కొర్దైరో, బాకా విద్వాంసుడు క్రిస్ పెరీల కథ మరింత బరువైనది. కొంకణి పాటలో జాజ్‌ను మేళవించిన జంట వారు. విడిపోయిన తరువాత లోర్నా రెండు దశాబ్దాలకు పైగా పాడలేదు. 1995లో రోనీ మాన్సెరాట్ సంగీత సహకారంతో ఆమె తిరిగి వేదికనెక్కినప్పుడు గోవా ప్రజలు పోటెత్తారు. వీరి జీవితాల ఛాయలతో వచ్చిన ‘నాచొమియా కుంపసార్’ చిత్రానికి 62వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ కొంకణి చిత్రంగా గౌరవం దక్కింది. గొంతుకూ వాద్యరచనకూ మధ్య బంధం తెగితే ఏమవుతుందో ఆ ఇరవై ఏళ్ళ మౌనమే సాక్ష్యం.

రాజధాని వాసులకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటున్నది. 1988 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగం ముగిసిన వెంటనే దూరదర్శన్ ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ ప్రసారం చేసింది. జాతీయ సమైక్యత పేరిట ప్రభుత్వం చేసిన ప్రచారాలలో జనం మనసారా స్వీకరించినది బహుశా అదొక్కటే. అందులో భీమ్‌సేన్ జోషి ఉన్నారని అందరికీ గుర్తు. మన బాలమురళీకృష్ణ తమిళంలో పాడారని తెలుగువారికి గుర్తు. అన్ని భాషల, అన్ని బాణీల గొంతులను ఒక్క దారానికి గుచ్చిన వాద్యరచనలో ప్రధాన హస్తం లూయీ బ్యాంక్స్‌దని ఎందరికి తెలుసు? డార్జిలింగ్‌లో పుట్టిన నేపాలీ, కలకత్తా పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో జాజ్ వాయించి పేరు తెచ్చుకున్నవాడు. ఆ పార్క్ స్ట్రీట్‌కు జంషెడ్‌పూర్ రైలు మార్గాన రమారమి 250 కిలోమీటర్ల దూరం. జాతి సమైక్యతను వినిపించిన చేయి జాతికి కనిపించలేదు.

ఇతరులను అని ప్రయోజనమేమి? ‘శంకరాభరణం’ చిత్రానికి 27వ జాతీయ పురస్కారాలలో సంగీత దర్శకునిగా కె.వి. మహదేవన్‌కు, గాయకునిగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి, గాయనిగా వాణీ జయరామ్‌కు పతకాలు వచ్చాయి. మూడూ న్యాయమైనవే. దశాబ్దాల తరబడి మహదేవన్ పక్కన నిలిచి, ఆయన కట్టిన బాణీని వాద్యబృందానికి చేరవేసిన సహచరుడు పుహళేంది పేరు చిత్రం పేర్లలో ఉన్నది. పురస్కారాల పుస్తకంలో ఆయనకు తగిన గడి లేదు. గడి లేనిచోట ప్రతిభను ఎవరు నింపగలరు?

చట్టం ఏమంటున్నది?

ఇది కేవలం ఆదరాభిమానాల సమస్య అయితే ఇంత వివరంగా చర్చించనక్కరలేదు. ఇందులో డబ్బున్నది, హక్కున్నది, పార్లమెంటున్నది.

1957 నాటి కాపీరైట్ చట్టంలో గాయకునికి హక్కే లేదు. 1977లో పాటల ప్రదర్శన హక్కుల సంఘానికీ తూర్పు భారత చిత్ర నిర్మాతల సంఘానికీ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నిర్మాతల పక్షాన తీర్పు చెప్పింది. ఆ సందర్భంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక ప్రత్యేక వ్యాఖ్య జోడించారు. భారతీయ సంగీతంలో ప్రాణం పాడేవాడిలో ఉన్నదనీ, చట్టం ఆ పాడేవాడినే విస్మరించిందనీ, పార్లమెంటు దీనిని సవరించాలనీ ఆయన సారాంశం. పార్లమెంటు ఆ మాట వినడానికి 17 ఏళ్ళు పట్టింది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు పుట్టింది. దానికి జవసత్త్వాలు రావడానికి మరో 18 ఏళ్ళు పట్టింది. 2012 మే నెలలో ఉభయసభలూ ఆమోదించిన సవరణ ఆ ఏడు జూన్ 21న అమలులోకి వచ్చింది. కపిల్ సిబల్ మంత్రిగా బిల్లు ప్రవేశపెట్టగా, రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడైన కవి జావేద్ అఖ్తర్ రచయితల, సంగీతకారుల తరఫున వాదించారు. అప్పటినుంచి గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు శాశ్వతంగా ధారాదత్తం చేసే వీలు లేకుండా పోయింది. గాయకులకూ వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు దక్కింది. 2013లో గాయకులు తమ హక్కుల సంఘాన్ని స్థాపించుకున్నారు. తదనంతరం వాద్యకారులకు కూడా అందులో చోటు కల్పించారు.

మరి అరేంజర్ ఎక్కడ? చట్టంలో అతని పని ఉన్నది, అతడు లేడు. ఒక సంగీత కృతికి చేసే వాద్య కూర్పును చట్టం ‘అనుసరణ’గా నిర్వచించింది. అనుసరణకు అనుమతించే హక్కు మూలకృతి హక్కుదారునిది. సంగీత కృతికి కర్త ఎవరంటే స్వరకర్త అని చట్టం స్పష్టంగా చెప్పింది. కనుక పల్లవికి ముందు వచ్చే నాలుగు వరుసల వయొలిన్ వాద్యమే ఆ పాటను జనం గుర్తుపట్టే చిహ్నమైనా, అది రాసినవాడు తన వాటా కోరాలంటే తానూ కర్తనేనని ఒప్పందం ద్వారానో, న్యాయస్థానంలోనో నిరూపించుకోవలసిందే. స్టూడియోలో ఆనాటి వేతనం పుచ్చుకొని సంతకం పెట్టి వెళ్ళిపోయినవాడు ఏ ఒప్పందం చూపగలడు?

అంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. 2012 సవరణలోనే ప్రదర్శకుడన్న పదానికి ఒక మినహాయింపు చేర్చారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆచారం ప్రకారం వారి పేరు తెరమీద ఎక్కడా ప్రకటించరో, వారిని ప్రదర్శకులుగా పరిగణించనక్కరలేదు. తమ ప్రదర్శనను వికృతం చేయరాదని అడిగే నైతిక హక్కు మాత్రమే వారికి మిగులుతుంది. జనం మధ్య నడిచిపోయే జూనియర్ నటులను ఉద్దేశించిన నిబంధన అని దీనిని సమర్థించవచ్చు. కాని పేరు ప్రకటించకపోవడాన్నే హక్కు లేకపోవడానికి ఒక కొలమానంగా చట్టంలో పెట్టడం ఎంతటి ప్రమాదమో పాఠకులు గ్రహించగలరు. పేరు వేయవలసినది నిర్మాత. పేరు వేయకపోతే లాభపడేదీ నిర్మాతే. తక్కెడ, తూనికరాళ్ళు రెండూ ఒకే చేతిలో పెట్టి న్యాయమైన తూకం ఆశించడం అమాయకత్వం.

జంషెడ్‌పూర్ నేర్పే పాఠం

ఇక్కడ మరల జంషెడ్‌పూర్ వద్దకు రావలసి ఉన్నది. ఆ నగరానికీ ఈ ప్రశ్నకూ సంబంధం కేవలం ఒక గాయని జన్మస్థలం కావడంతో తీరిపోదు. ఉక్కు కమ్మీ మీద కంపెనీ ముద్ర ఉంటుంది. కొలిమి ముందు నిలిచినవాడి పేరు ఉండదు. గంజాం నుంచి వెళ్ళిన మన తాతల పేర్లు ఏ వంతెన మీదా లేవు. అయినా ఆ నగరంలో శ్రమకు హక్కు అన్నది చట్టం కంటె ముందే వచ్చింది. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అక్కడ అమలయింది. దేశానికంతటికీ ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. జీతంతో కూడిన సెలవు, భవిష్యనిధి 1920లో వచ్చాయి. భవిష్యనిధికి కేంద్ర చట్టం 1952లో వచ్చింది. ఇదంతా యాజమాన్యపు ఔదార్యమని కంపెనీ అభిమానులు అంటారు. 1920, 1922, 1928 సమ్మెలను, ఆ 1928లో కార్మిక సంఘానికి అధ్యక్షుడైన సుభాష్ చంద్ర బోస్‌ను వారు మరచిపోతారు. ఔదార్యం కొంత, పోరాటం కొంత. ఏమైనా ఒక సత్యం మాత్రం మిగులుతుంది: పరిశ్రమ ముందుగా నడిస్తే చట్టం వెనుక వస్తుంది, కార్మికుడు గట్టిగా అడిగితే పరిశ్రమ నడుస్తుంది.

సంగీత పరిశ్రమకు ఈ నీతి అన్వయిస్తుంది. పార్లమెంటు మరొక 17 ఏళ్ళు తీసుకొనేదాకా వేచి ఉండనక్కరలేదు. మొదటిది, పేరు. చలనచిత్రపు పేర్ల పట్టికలోను, ఇంటర్నెట్‌లో పాట వినిపించే సంస్థల పట్టీలోను వాద్య రచయిత పేరు, వాద్యకారుల పేర్లు తప్పనిసరి కావాలి. ఒకనాడు గ్రామఫోను రికార్డు మీద చోటు లేదన్న సాకు చెప్పేవారు. ఈనాడు చోటుకు కరువు లేదు. రెండవది, పురస్కారం. సంగీత దర్శకత్వపు పురస్కారాన్ని 2009వ సంవత్సరపు చిత్రాల నుంచి పాటలకు వేరుగా, నేపథ్య సంగీతానికి వేరుగా విభజించినది ఈ ప్రభుత్వ విభాగమే. అప్పుడు ఆకాశం విరిగిపడలేదు. వాద్య రచనకు మరొక గడి చేరిస్తే ఇప్పుడూ విరిగిపడదు. మూడవది, వాటా. రాయల్టీ పంపకంలో వాద్య రచయితకు కనీస భాగాన్ని నిర్ణయించే ఒప్పందం స్వరకర్తలకూ వారికీ మధ్య కుదరాలి. అందుకు చొరవ తీసుకోవలసినవారు పెద్ద సంగీత దర్శకులే.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఈనాడు వాద్యబృందమే లేదు, అంతా కంప్యూటర్ మీద జరిగిపోతున్నది, సంగీత దర్శకుడే అరేంజర్, ఇంకెవరికి పురస్కారం అని కొందరంటారు. ఇళయరాజా వలె తన వాద్య రచన తానే రాసుకునే సంగీత దర్శకులు లేకపోలేదు. అట్టివారికి ఆ రెండవ గౌరవం కూడా న్యాయంగా చెందుతుంది. ఇక కంప్యూటర్ తనంత తాను పాట కూర్చదు. దాని ముందు రాత్రంతా కూర్చుని తబలా ఎక్కడ మోగాలో, గిటార్ ఎక్కడ ఆగాలో నిర్ణయించే యువకుడు ఒకడుంటాడు. వయొలిన్ బదులు మీట నొక్కినంత మాత్రాన అతడు మాయమైపోడు. పైగా కృత్రిమ మేధతో గొంతులను, వాద్యాలను సృష్టించే యంత్రాలు బయలుదేరిన ఈ కాలంలో, ఏ పాటలో ఏ మనిషి చేయి ఎంత ఉన్నదో నమోదు చేసుకొనకపోతే, రేపు యంత్రం అనుకరించినది ఎవరి పనితనాన్నో తేల్చడానికి కూడా ఆధారం మిగలదు.

తెలుగు ప్రజాప్రతినిధులకు ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉన్నది. 71వ పురస్కారాలలో గాయకుడు, గాయని, గీత రచయిత ముగ్గురూ తెలుగువారే అయినప్పుడు అభినందన ప్రకటనలు ఇచ్చి ఫొటోలు దిగినవారు చాలామంది. ఆ ముగ్గురి వెనుక పనిచేసిన చేతుల సంగతి సభలో ఒక ప్రశ్నగా అడగడానికి ఒక్కరు చాలు. సమాచార, ప్రసార శాఖను పురస్కారపు గడి గురించి, వాణిజ్య శాఖను కాపీరైట్ మినహాయింపు గురించి అడగవచ్చు. ఓట్లు రాలే ప్రశ్న కాదు. అందుకే అడగదగిన ప్రశ్న.

ఊరు విడిచిపోయిన బిడ్డ గెలిచినప్పుడు మనవాడేనని, మన పిల్లేనని చెప్పుకోవడం జాతి లక్షణం. అందులో తప్పులేదు. కాని జంషెడ్‌పూర్ తెలుగువారి వంద సంవత్సరాల చరిత్రలో గెలిచి పేరు తెచ్చుకున్నవారు పదిమంది అయితే, పేరు లేకుండా కొలిమి ముందు నిలిచినవారు వేలమంది. పాటలోనూ అంతే. గొంతును కీర్తించే చేయి, ఆ గొంతుకు తోడు నడిచిన చేతిని కూడా ఒకసారి పైకెత్తి చూపాలి. అది ఉపకారం కాదు, బాకీ.